గవరమ్మ గుంజకి గుదిబండ

ఫాల్గుణ బహుళ పంచమి, సంత మరుసటి రోజు, పొద్దువాలే వేళ గవరమ్మ అనే గేదెకి అన్యాయం జరిగింది. ఎవరి చేలోనో పడి మేస్తుంటే జరిగింది కాదు, పరాయి దొడ్డిలో దూరితే జరిగింది కాదు. తన గుంజ దగ్గర, తన గడ్డి మీద, తన దూడ పక్కన పడుకుని, కళ్లు సగం మూసి నెమరువేసుకుంటుంటే జరిగింది.

ఆ చోటుని గానుగదొడ్డి అంటారు. ఒకప్పుడు అక్కడ చెరకు ఆడి బెల్లం వండేవారు. గానుగ ఆగిపోయింది, మనుషులు రావడం మానేశారు, బెల్లం పెనం బోర్లాపడి తుప్పుపట్టింది. మిగిలింది పెంకుల సావిడి, దాని కింద వరసగా పాతిన గుంజలు. జంతువులు వాటిని తలా ఒకటి పంచుకున్నాయి. గుంజ అంటే అక్కడ కట్టేసే కర్ర కాదు, ఇల్లు. ఎవరి గుంజ దగ్గర వాళ్లు ఈనేవారు, ఎవరి గుంజ దగ్గర వాళ్లు జబ్బుపడి లేచేవారు. గవరమ్మ తల్లి కూడా ఆ గుంజ దగ్గరే పడుకునేది. ఆ కర్రకి ఒక పక్క నున్నగా అరిగి మెరిసే చోటు ఉంది. రెండు తరాల వీపులు రాసుకున్న చోటు అది.

దొడ్డికి ఉన్న బాధ ఒక్కటే, సంత రోజు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు లాక్కొచ్చిన ఎడ్లు నీడ వెతుక్కుంటూ వచ్చి, ఏ గుంజ ఖాళీగా కనిపిస్తే అక్కడ చేరగిలబడేవి. మొన్న మాఘంలో గవరమ్మ నిండుచూలాలు. మడుగు నుంచి తిరిగొచ్చేసరికి తన గడ్డి మీద ఎవడో ఊరుపేరు తెలియని ఎద్దు పడుకుని ఉన్నాడు. "కాసేపు సర్దుకో తల్లీ" అన్నాడు, కళ్లయినా తెరవకుండా. బండి కదిలే దాకా ఆమె బయట ఎండలోనే నిలబడింది.

దొడ్డికి కాపలా పెట్టాలని మొదట నోరెత్తింది అందుకే ఆమే. తర్వాత ఎవరైనా ఆ మాట దెప్పితే దాచుకోలేదు. "అవును, కాపలా అడిగాను. కాపలావాడికి కప్పం కడతానన్నానా?" అనేది.

దొడ్డి కమిటీకి పెద్ద దండాసి అనే పొట్టేలు. కొమ్ములు పెద్దవే, వాటిని దేనికీ వాడడు. కాపలా పనికి వచ్చినవాడు భూలోకం అనే నక్క ఒక్కడే. "మీ దగ్గర నాకు చిల్లిగవ్వ వద్దు. చొరబడ్డ పరాయివాళ్ల దగ్గర వసూలు చేసుకున్నదే నా కూలి" అన్నాడు. ఖర్చు లేదన్న మాట చెవిన పడగానే దండాసి తల ఊపేశాడు.

నక్క పెట్టిన పద్ధతి ఇది. తెల్లవారగానే దొడ్డివాళ్లందరి నుదుటా ఎర్రటి జాజుబొట్టు పెడతారు. గుంజ నీడ కుడితితొట్టిని దాటేలోగా ఒక గుంజ దగ్గర బొట్టు లేని నుదురు కనిపిస్తే సరే, పొమ్మంటారు. దాటాక కూడా ఉంటే మెడకి గుదిబండ పడుతుంది. బరువైన కొయ్య అది. నడిస్తే మోకాళ్లకి కొడుతుంది, వంగితే నేలకి తగులుతుంది. రుసుము కడితే గాని విప్పరు.

మొదటి సంతకి ముగ్గురు ఎడ్లకి బండ పడింది. రెండో సంతకి ఒకడికి. మూడో సంత నాటికి కబురు ఊళ్లన్నీ తిరిగేసి, పరాయి డెక్క ఒక్కటీ దొడ్డిలో పడలేదు. దొడ్డి హాయిగా ఊపిరి పీల్చుకుంది. నక్కకి మాత్రం ఊపిరాడలేదు. దొంగలు రావడం మానేస్తే దొంగల మీద బతికేవాడు ఏం తింటాడు? అప్పటి నుంచి వాడి చూపు దొడ్డివాళ్ల నుదుళ్ల మీద పడింది.

ముందు దొరికినవాడు గాడిద సోములు. మోత దించాక కాసేపు దుమ్ములో దొర్లకపోతే వాడికి ఒళ్లు తీరదు. దొర్లాడు, బొట్టు చెరిగింది, బండ పడింది. రోజంతా తన గుంజ దగ్గరి పాత చెరకుపిప్పిని నక్క చెప్పిన చోటికి మోసి విడిపించుకున్నాడు. రెండోది గవరమ్మ వంతు.

ఆమె కళ్లు తెరిచేసరికి మెడ వంగి ఉంది. ఎదురుగా కప్పు దూలం మీద కోతి అప్పికొండ కాళ్లాడిస్తూ కూర్చున్నాడు. బొట్లు పెట్టేదీ వాడే, బండలు కట్టేదీ వాడే.

"ఏంట్రా ఇది?"

"బండ, పిన్నీ."

"బండని తెలుసు. నా మెడలో ఏం చేస్తోంది?"

"నీ నుదుట బొట్టు లేదు కదా."

"మడుగులో పోయింది. గేదెనిరా నేను. మిట్టమధ్యాహ్నం మడుగులో దిగకపోతే ఒళ్లు పేలిపోతుంది. ఆ సంగతి నీకు తెలీదా?"

"తెలుసు."

"ఈ గుంజ ఎవరిది?"

"నీదే. మీ అమ్మ ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను."

"మరి?"

అప్పికొండ బుర్ర గోక్కున్నాడు. "గుంజ ఎవరిదో చూడొద్దన్నాడు భూలోకంగారు. మొహమూ చూడొద్దన్నాడు. నుదురొక్కటే చూడమన్నాడు. వాళ్లమ్మే వచ్చి నిలబడినా బొట్టు లేకపోతే బండ కట్టేయమన్నాడు."

"ఆయన కట్టమంటే కట్టేస్తావా? జీతమేమైనా ఇస్తున్నాడా?"

"జీతమెక్కడిది పిన్నీ! బండకి నాలుగు అరటిపళ్లు. అవి నా చేతిలో పడితేనే ముడి విప్పుతాను, ఎవరిచ్చినా సరే. బండలు లేక ఈ వారమంతా చింతచిగురు తిని బతుకుతున్నాను. నన్ను తిట్టకు."

ఆమె తిట్టలేదు. ఆకలి మీద ఉన్నవాణ్ని తిడితే మన నోరు నొప్పి తప్ప వాడికేం తగలదని ఆమెకి తెలుసు. "రుసుమెంత?" అని అడిగింది.

"రెండు తవ్వల పాలు. మూడు రోజులు దాటితే నాలుగు తవ్వలు. బోర్డు మీద ఉంది కదా."

"ఏ బోర్డు?"

కోతి పైకి చూపించాడు. సావిడి చూరుకి, కోతులు తప్ప ఎవరూ తలెత్తి చూడని ఎత్తులో, ఆముదం ఆకుల చాటున ఒక చెక్క వేలాడుతోంది. గేదె మెడ ఎంత దూరం లేస్తుందో కొలిచి, దానికి ఇంకో మూర కలిపి కట్టినట్టు ఉంది.

అప్పుడే దూడ ఆకలికి లేచింది. ఇరవై రోజుల పసిది, ఇంకా కాళ్లు తడబడుతున్నాయి. తల్లి ముందు నుంచి పొదుగు వైపు వెళ్తుంటే ఊగుతున్న బండ దాని మూతికి తగిలింది. దూడ వెనక్కి పడి, లేచి, మళ్లీ వచ్చి, మళ్లీ తగిలించుకుంది. మూడోసారికి దూరంగా నిలబడి అరవడం మొదలుపెట్టింది. గవరమ్మ మెడ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, బండని గుంజకి ఆనించి, ఆ వంకర మీదే కదలకుండా నిలబడితే గాని దానికి పాలు అందలేదు.

రెండు తవ్వలంటే దూడకి ఒక రోజు తిండి. నక్క ఆ పాలని ఏం చేస్తాడంటారా? కొండకింది పిల్లులకి అమ్ముకుంటాడు. తన బిడ్డ కడుపు ఎండబెట్టి ఎవరి పిల్లుల్నో మేపాలన్నమాట, తన ఇంట్లో తను పడుకున్నందుకు.

మర్నాడు పొద్దున్నే బండ ఈడ్చుకుంటూ దండాసి దగ్గరికి వెళ్లింది. అతను కొమ్ముల్ని గోడకేసి రుద్దుకుంటున్నాడు.

"బావా, ఇది చూశావా?"

దండాసి చూశాడు, వెంటనే చూడనట్టు పక్కకి తిరిగాడు. "అది నీకూ కాంట్రాక్టరుకీ మధ్య విషయం గవరమ్మా. కమిటీ కలగజేసుకోదు."

"కాంట్రాక్టు ఇచ్చింది కమిటీ కాదూ?"

"ఇచ్చాం. ఇచ్చేశాక మన చేతిలో ఏముంటుంది?"

"సరే, ఇచ్చింది ఏమిటి? గుంజలిచ్చారా, కాపలా ఇచ్చారా?"

"గుంజలెలా ఇస్తాం? అవి మీవి. మావైతేగా ఇవ్వడానికి? కాపలా ఒక్కటే ఇచ్చాం, బయటివాళ్లు రాకుండా."

"ఈ మాట నలుగురిలో అంటావా?"

పొట్టేలు గొంతు సవరించుకున్నాడు. "నలుగురూ అడిగితే అంటాను. నేనుగా లేచి అనడమంటే... మళ్లీ కాపలా మానేసి పోతాడేమో, ఇంకొకణ్ని వెతకాలంటే ఎంత యాతన! భూలోకం దగ్గర అప్పీలు చేసుకో. మంచివాడే, వింటాడు."

"కొమ్ములు బాగా మెరుస్తున్నాయి బావా" అని ఆమె కదిలింది. అది మెచ్చుకోలా తిట్టా అని దండాసి మధ్యాహ్నం దాకా ఆలోచించాడు.

దారిలో సోములు ఎదురయ్యాడు. "ఊరికే తిరక్కు వదినా. కట్టేసి కళ్లు మూసుకో. నేను మోసేశాను, పీడ విరగడైంది."

"విరగడైందా? రేపు దొర్లవా నువ్వు?"

గాడిద చెవులు వేలాడేశాడు. "దొర్లకుండా ఎలా ఉంటాను?"

"అదే నేనూ అడుగుతున్నాను. దొడ్డిలో సగంమంది నీళ్లలో దిగేవాళ్లం, సగంమంది దుమ్ములో దొర్లేవాళ్లం. నీళ్లకి కరిగే, దుమ్ముకి చెరిగే జాజు తప్ప వాడికి ఇంకో గుర్తు దొరకలేదా? మెడకి ఒక దారం కడితే పోయేది. చెరగాలనే పెట్టాడు మరిదీ. చెరిగితేనే వాడికి తిండి."

సోములు వీపు విదిలించుకున్నాడు. మోసిన పిప్పి బరువు అప్పుడు మళ్లీ వీపు మీదికి వచ్చినట్టయింది.

భూలోకం కాపురం బోర్లాపడిన బెల్లం పెనం కింద. దాని ముందు పాత గానుగరాయి ఒకటి ఉంది. గవరమ్మని చూడగానే లేచి ఎదురొచ్చాడు.

"రా అక్కా, రా. ఎండలో వచ్చావు. దూడ బాగుందా? బండ ఒరుసుకోవడం లేదు కదా? నున్నగా చెక్కించాను."

"నీ చెక్కుడు బాగానే ఉంది నాయనా. అప్పీలు చేసుకోవడానికి వచ్చాను. ఎవరు వింటారు?"

"నేనే."

"రుసుము వేసింది?"

"అదీ నేనే. కానీ అన్యాయం జరగదక్కా. రుసుము వేసేటప్పుడు రాయికి ఇటుపక్క కూర్చుంటాను. అప్పీలు వినేటప్పుడు అటుపక్క కూర్చుంటాను." అంటూ నిజంగానే రాయి చుట్టూ తిరిగి అవతల కూర్చుని, మొహం గంభీరంగా పెట్టాడు. "చెప్పమ్మా, నీ మనవి ఏమిటి?"

"అది నా గుంజ. నేను దొడ్డిలో దాన్ని. నేనెవరో నీకు తెలుసు, నీ కోతికి తెలుసు, గోడ మీద కాకికి తెలుసు. నా ఇంట్లో నేను పడుకున్నాను. నీతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు, నాది నాకే అద్దెకిమ్మని నిన్ను అడగలేదు."

"బొట్టు ఉందా, లేదా?"

"లేదు."

"తప్పు ఒప్పుకున్నావు. అప్పీలు కొట్టేశాను." భూలోకం లేచి ఇటుపక్కకి వచ్చి మళ్లీ నవ్వాడు. "నాకు బాధగానే ఉందక్కా. అటుపక్కవాళ్ల నిర్ణయంలో నేను వేలు పెట్టలేను. పోనీ ఇవాళే కట్టేస్తే ఒక తవ్వతో సరిపెట్టుకుంటాను. నీ మీద అభిమానం."

గవరమ్మ నెమరువేయడం మొదలుపెట్టింది. గేదె బుర్ర మందమని అనుకునేవాళ్లు ఉన్నారు. గేదె మింగింది ఊరికే పోనివ్వదు, మళ్లీ నోట్లోకి తెచ్చుకుని మెత్తగా నమిలి చూస్తుంది. ఆమె కళ్లు సగం మూసి, దవడ అటూ ఇటూ ఆడిస్తూ, కోతి చెప్పింది, పొట్టేలు చెప్పింది, ఇప్పుడు వీడు చెప్పింది ఒక్కొక్కటే నమిలింది. నక్క ఆమె భయపడిందనుకున్నాడు.

"ఒక మాట అడుగుతాను నాయనా. ఈ నియమం అందరికీ ఒకటేనా?"

"అందరికీ. మా అమ్మ వచ్చినా సరే."

"ఎందుకొచ్చావు, ఎవరు పిలిచారు, నీకు పనుందా అని అడగరూ?"

"అడిగితే ఇంక కాపలా ఏముంది? ప్రతివాడూ ఒక కథ చెప్తాడు. నీడ తొట్టి దాటిందా, నుదుట బొట్టు ఉందా, అంతే."

"బాగుంది. అయితే కడతాను. ఒక తవ్వ ఎందుకు, రెండూ ఇస్తాను. నీ దయ నాకొద్దు."

నక్క నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికి పోయింది.

"కానీ పాల సంగతి నీకు తెలుసో తెలీదో. కొత్తచోట నేను చేపను, పాలు దిగవు. నా గుంజ దగ్గర, నా గడ్డి మీద నిలబడాలి. దూడ వచ్చి ముందు కుడవాలి. ఈ బండ ఉంటే దూడ దగ్గరికి రాదు, దూడ రాకపోతే పొదుగు బిగుసుకుపోతుంది. అందుకని ముందు బండ విప్పించు. ఆపైన పితికేది నువ్వే రా. ఆ కోతి చేతికి నేనివ్వను."

"వాణ్ని నేనూ పంపను" అన్నాడు భూలోకం గబుక్కున. ముంత నిండా పాలు కోతి చేతిలో పెడితే తన దాకా ఎంత చేరుతుందో వాడికి బాగా తెలుసు. గవరమ్మకీ తెలుసు.

అప్పికొండకి నాలుగు అరటిపళ్లు చేతిలో పడ్డాయి. దాచుకున్న ఆఖరి హస్తంలో మిగిలిన నాలుగూ తెంచి ఇస్తూ నక్క మూలిగాడు. రాబోయే పాలని తలుచుకుని ఊరట చెందాడు. బండ విప్పి గుంజకి ఆనించారు. "ఇక్కడే ఉండనీ, మళ్లీ మోయడమెందుకు" అంది గవరమ్మ. మర్నాడు మధ్యాహ్నం పాలకి రమ్మని చెప్పింది.

సప్తమి నాడు పొద్దున్నే జాజుబొట్టు పెట్టించుకుంది. ఎండ ముదిరింది. మడుగు వైపు నుంచి తడిగాలి వస్తోంది, నీళ్లలో దిగిన మిగతా గేదెల బుసలు వినిపిస్తున్నాయి. ఆమె కదల్లేదు. నల్లటి చర్మం కాలి, ఈగలు ముసిరి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తోకతో దూడ మీద ఈగల్ని తోలింది గాని తను మడుగు కేసి ఒక్క అడుగు వేయలేదు.

పక్క గుంజ నుంచి సోములు కంగారుపడ్డాడు. "ఒంట్లో బాగాలేదా వదినా? మధ్యాహ్నమైంది!"

"బాగానే ఉంది. నా బొట్టు చూడు, ఉందా?"

"నిండుగా ఉంది."

"అది చాలు. నువ్వివాళ పనిలోకి పోకు. ఊరికే నిలబడి చూడు. పెద్దాయన్ని కూడా కాస్త ఇటు తిరగమని చెప్పు."

భూలోకం ముంత చంకన పెట్టుకుని హుషారుగా వచ్చాడు. గడ్డి మీద పొదుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. గవరమ్మ దూడని పిలిచింది. బండ అడ్డం లేని తల్లి పిలిచేసరికి దూడ పరుగెత్తుకొచ్చి తలతో పొదుగుని కుమ్ముతూ గుక్కలు గుక్కలుగా తాగింది. మూతి చుట్టూ నురగ కట్టింది.

"ఇంక లాగెయ్యనా దాన్ని?" అన్నాడు నక్క.

"అప్పుడేనా? పాలు ఇంకా దిగలేదు. తొందరపెడితే ఎగచేపుతాను, ఆపైన నా చేతిలో కూడా ఉండదు."

కాసేపయ్యాక దూడ కడుపు నింపుకుని పక్కకి పోయి పడుకుంది. నక్క చేతులు రుద్దుకుని చన్ను పట్టి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ఎండిపోయిన తోలుతిత్తిలా ఉంది.

"ఏంటక్కా ఇది?"

"వస్తోంది నాయనా, లోపల కదులుతోంది. నీ చేయి కొత్త కదా. కాస్త మెల్లిగా నిమురు. ఏదైనా మాట్లాడు. మాట వింటూ ఉంటే నాకు బాగా చేపు వస్తుంది."

నక్క నిమిరాడు. మాట్లాడాడు. తను ఎంత కష్టపడి పైకొచ్చాడో చెప్పాడు. పక్క ఊరి దొడ్డి కాపలా కూడా తనకే వచ్చేలా ఉందని చెప్పాడు. తన గురించి తను చెప్పుకునేవాడికి పొద్దు తెలియదు. గవరమ్మ "ఊఁ" కొడుతూ నెమరువేస్తూ నేల మీదికి చూస్తోంది. గుంజ నీడ మెల్లగా జరిగి కుడితితొట్టి అంచు తాకింది. తొట్టి మధ్యకి వచ్చింది. అవతలి అంచు దిగింది.

దూలం మీద ఏదో చప్పుడైంది. అప్పికొండ గస్తీకి వచ్చాడు. నాలుగు పళ్లు నిన్ననే అయిపోయాయి. కింద గుంజ దగ్గర రెండు నుదుళ్లు కనిపించాయి. ఒకటి ఎర్రగా ఉంది. రెండోది లేదు.

"ఎవరది గుంజ దగ్గర? నుదురు చూపించు!"

"నేనేరా" అన్నాడు భూలోకం, చన్ను వదలకుండా.

కోతి జారి కిందికి దిగాడు. నక్క నుదురు దగ్గరికి మొహం పెట్టి చూశాడు. నీడ చూశాడు. తొట్టి చూశాడు. గుంజకి ఆనించి సిద్ధంగా ఉన్న బండ చూశాడు. భూలోకం ముంత కింద పెట్టేలోగా బండ వాడి మెడలో పడింది.

"ఒరే వెధవా! నేనురా, నీ యజమానిని!"

"మొహం చూడొద్దన్నారు కదండీ."

"నీకు మతిపోయిందా? రుసుము వసూలుకి వచ్చాను. పనుండి వచ్చాను!"

"పనుందా అని అడగొద్దన్నారండీ. మీ అమ్మగారొచ్చినా కట్టేయమన్నారు. ఆవిడ రాలేదు, మీరొచ్చారు. నాకేం తేడా?" అప్పికొండ ముడి బిగించి, ఇంకో ముడి వేశాడు. "నాలుగు పళ్లండీ."

బండ బరువు గేదె మెడకి లెక్కకట్టి చేసింది. నక్క మెడ దానితోపాటు నేలకి అంటుకుపోయింది. అప్పటికే దండాసి వచ్చాడు. సోములు వచ్చాడు. మడుగులోంచి తడి ఒంటితో గేదెలు వచ్చాయి, బొట్లు లేకుండానే. ఇంతమంది ఒక్కచోట చేరడం చూసి పొట్టేలుకి తన కొమ్ములు గుర్తొచ్చాయి.

"ఏమిటి గొడవ?" అన్నాడు.

"గొడవేం లేదు బావా" అంది గవరమ్మ, గొంతు పెంచకుండా. "తమ్ముడికి బండ పడింది. అప్పీలు చేసుకుంటాడు. రాయి దగ్గరికి వెళ్దాం పదండి."

వెళ్లారు. భూలోకం బండ ఈడ్చుకుంటూ రాయి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"మనవి చెప్పుకో తమ్ముడూ."

"ఎవరికి చెప్పుకోను?"

"అవతలి పక్క నీకే కదా. చెప్పుకుని, అటు తిరిగి విను. అన్యాయం జరగదు."

గేదెల్లో ఎవరో బుస్సున నవ్వారు. భూలోకం పళ్లు నూరాడు. అప్పీలు కొట్టేస్తే రెండు తవ్వల పాలు కట్టాలి, నక్క పాలెక్కడి నుంచి తెస్తాడు? మూడు రోజులు దాటితే నాలుగు తవ్వలు. బండ ఈడుస్తూ రాయి చుట్టూ తిరిగి అవతల కూలబడ్డాడు.

"అప్పీలు మంజూరు" అన్నాడు నేల కేసి చూస్తూ.

"కారణం?"

"కారణమెందుకు?"

"నాది కొట్టేసినప్పుడు కారణం చెప్పావు. మంజూరుకీ చెప్పు. దొడ్డి వింటోంది."

"నేనెవరో అందరికీ తెలుసు" అన్నాడు నక్క గొణుగుతూ. "దొంగతనానికి రాలేదు. ఎవరో తెలిసినవాణ్ని, హక్కుండి అక్కడ ఉన్నవాణ్ని, నుదుట రంగు లేదని పట్టుకోవడం న్యాయం కాదు."

"ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ?" అంది గవరమ్మ చుట్టూ చూసి. "నిన్న ఇక్కడే నిలబడి నేనన్నవి. కాకపోతే నేను ఇంకో మాట కూడా అన్నాను, అది నా గుంజ అని. పాపం, తమ్ముడికి ఆ మాట అనే వీలు కూడా లేదు."

సోములు ముందుకొచ్చాడు. "మరి నా సంగతి? నేనెవరో తెలీకే మోయించావా ఆ పిప్పంతా?"

దండాసి రెండడుగులు వేసి రాయి మీద కొమ్ము ఆనించాడు. "నలుగురూ ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. మేమిచ్చింది దొడ్డివాకిలి కాపలా. గుంజలు ఎవరివి వాళ్లవి. భూలోకం చెప్పిన కారణం అందరికీ వర్తిస్తుంది. దొడ్డివాళ్ల మీద వేసిన రుసుములన్నీ రద్దు. సోములు మోసిన పిప్పి సోములు గుంజ దగ్గరికి తిరిగొస్తుంది." ఈ మాటలు తను ముందే అని ఉండవచ్చని ఎవరూ అతనికి గుర్తుచెయ్యలేదు. గవరమ్మ ఒక్కసారి చూసింది, అంతే.

"సరే, రద్దు, రద్దు! ఇది విప్పు" అన్నాడు భూలోకం.

అప్పికొండ చేయి చాపాడు. "నాలుగు పళ్లండీ."

"రద్దయింది కదరా!"

"రుసుము రద్దయిందండీ. నా పళ్లు రుసుములోవి కావు, బండకి కూలి. మీరే చెప్పారు."

నక్క దగ్గర పళ్లు లేవు. ఆఖరి నాలుగూ నిన్ననే ఇచ్చేశాడు. దండాసి వైపు చూశాడు, పొట్టేలు కొమ్ములు రుద్దుకోవడానికి గోడ వెతుక్కున్నాడు. సోములు వైపు చూశాడు, గాడిద దుమ్ములో పడి తీరిగ్గా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దొర్లాడు. అరటితోట ఏటి అవతల ఎక్కడో ఉంది. చివరికి భూలోకం మెడ నేలకి ఆనించి, బండ మోకాళ్లకి కొట్టుకుంటుంటే, మూలుగుతూ ఆ దారినే పడ్డాడు. వెనక అప్పికొండ కూడా బయల్దేరాడు. ముడి విప్పాల్సింది వాడే కదా మరి.

ఆ తర్వాత భూలోకాన్ని గానుగదొడ్డిలో ఎవరూ చూడలేదు. సంత రోజుల్లో గేదెలే వంతులేసుకుని వాకిట్లో పడుకుంటున్నాయి. అడ్డంగా పడుకున్న గేదెని దాటి లోపలికి వచ్చే ఎద్దు ఇంకా పుట్టలేదు.

గవరమ్మ ఆ సాయంత్రం నేరుగా మడుగులో దిగి, ముక్కు మాత్రం పైకి పెట్టి చాలాసేపు కదలకుండా ఉంది. జాజుబొట్టు ఎర్రగా కరిగి నీళ్లలో కలిసిపోయింది. ఒడ్డుకి వచ్చి, తన గుంజకి వీపు రుద్దుకుని, దూడని పిలిచింది.

ఎదుటివాడి మొహం చూడని నియమం, రాసినవాడి మొహమూ చూడదు.

సావిడి గోడ మీద, గేదె తల ఎత్తకుండానే చదువుకోగల ఎత్తులో, దండాసి కొమ్ముతో గీసిన మాట ఇప్పటికీ ఉంది: ఫాల్గుణ బహుళ సప్తమి. గవరమ్మ గుంజ మీద అడిగిన పాలు రెండు తవ్వలు, ముట్టినది చుక్క లేదు.